గుడ్డులో బొమ్మ లేదు

మొదటి రోజు

వేడి: ముప్పై ఏడున్నర. తడి: సరిపోయింది. తిప్పడం: ఐదుసార్లు. పెట్టె మాట: ఖాళీ.

వేడి గది దినచర్యలో ఈ నాలుగు గడులు నింపితే చాలని ఆఫీసు రూలు. నింపాను. గడుల కింద బోలెడు జాగా ఉంది, నా నోరు ఎలాగూ ఊరుకోదు కాబట్టి అక్కడ నా మాటలు రాస్తాను. ఓపిక లేనివాళ్ళు పై వరస చూసుకుని పోవచ్చు. నా పేరు మంగతాయారు. మూడో సొరంగంలో వేడి గొట్టాలు చూసుకోవడం నా పని. ముప్పై మూడేళ్ళయింది.

ఇవాళ చలిపెట్టె అడుగు కనిపించింది. పాత లోకం నుంచి మా ముత్తాతలు పద్దెనిమిది వందల కోడిగుడ్లను నిద్రపుచ్చి తెచ్చారు. వాటిలో ఇప్పుడు మిగిలినవి ఇరవై నాలుగు. ఇప్పటిదాకా ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఇవి కూడా పోతే ఈ లోకంలో పక్షి అన్నది పుస్తకంలో బొమ్మగానే మిగులుతుంది.

ఎందుకు కాలేదని అడిగితే ఊళ్ళో ఎవరైనా చెబుతారు, గుడ్లు ఖాళీవని. మా ఊళ్ళో చెంచా దగ్గర్నుంచి గాలి తలుపు దాకా అన్నీ అచ్చులో పోసినవే. ముందు అచ్చులో ఆకారం ఉండాలి, తర్వాత అందులో కరిగిన లోహం పోయాలి. పుట్టి బుద్ధెరిగాక మేం చూసింది అదొక్కటే. అందుకని గుడ్డులో కూడా పిల్ల ముందే చిన్నగా ముడుచుకుని ఉంటుందని, వేడి తగిలితే పెద్దదవుతుందని మావాళ్ళ నమ్మకం. వేడి ఇచ్చే ముందు ప్రతి గుడ్డునూ సరిచూసే పెట్టెలో పెడతారు. ఆ పెట్టె లోపలి ఆకారాన్ని తన దగ్గరున్న బొమ్మలతో పోల్చి చూస్తుంది. పిల్ల కనబడకపోతే ఖాళీ అంటుంది. ఖాళీ గుడ్డుకు వేడి దండగని, దాన్ని అప్పటికప్పుడు వంటశాలకు పంపి ఆసుపత్రివాళ్ళకు సూపు కాచేస్తారు.

అలా పంపిన చేతులు నావే. దాచుకోవడం ఎందుకు, నా చేతుల మీదుగా పోయినవి మూడొందల పన్నెండు.

పోయిన నెల ఒక గుడ్డు చేజారి వేడి గొట్టం వెనక దూది పరుపు మీద పడింది. ఎంత వెతికినా దొరకలేదు. ఐదు రోజుల తర్వాత బూజు గీకుతుంటే కనబడింది. పారేద్దామని పగలగొట్టాను. పచ్చసొన మీద ఎర్రటి దారాలు అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య ఆవగింజంత చుక్క. అది కొట్టుకుంటోంది! నేను చూస్తుండగానే ఆగిపోయింది. ఐదు రోజుల క్రితం అదే గుడ్డును పెట్టె ఖాళీ అంది.

ఇవాళ అచ్చుల అధికారి గుర్నాథాచారి గారి గదికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఊళ్ళో దేనికి వేడి ఇవ్వాలన్నా ఆయన సంతకం కావాలి.

"అది మురిగిపోయిన గుడ్డండీ తాయారు గారూ," అన్నారాయన. "లోపల వస్తువు లేని డబ్బాలకి వేడి పెడతామంటే నలుగురూ నవ్వరా?"

"నవ్వితే నవ్వనివ్వండి. గుడ్లతోపాటు వచ్చిన కాగితంలో ఇరవై ఒక్క రోజులని రాసుంది కదా. మనం ఒక్క రోజైనా ఆగామా ఎప్పుడైనా?"

"ఇరవై ఒక్క రోజులు ఉన్న పిల్లకండి. లేనిదానికి ఎన్ని రోజులైతే ఏంటి?"

నేను కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినా లేవలేదు. చివరికి ఆయనకే ఆకలేసి సంతకం పెట్టారు.

"నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున మస్తానమ్మ గిన్నె పట్టుకుని మీ గుమ్మంలో ఉంటుంది," అన్నారు.

మూడో రోజు

వేడి సరిగ్గా ఉంది. పెట్టె మాట: ఖాళీ.

గుడ్లకు ఒక పక్క సున్నా, ఇంకో పక్క గుణకారం గుర్తు గీశాను, తిప్పినవీ తిప్పనివీ కలిసిపోకుండా. తిప్పకపోతే లోపలిది పెంకుకు అతుక్కుపోతుందని కాగితంలో ఉంది. మధ్యలో గాలి జల్లెడల్లో ఎర్ర దుమ్ము దులపాలి, గొట్టాల కీళ్ళు బిగించాలి. ఇవాళ రెండో కీలు కారింది. గుడ్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చేసరికి వేడి డిగ్రీ తగ్గింది. నా మోకాళ్ళను తిట్టుకున్నాను.

ఐదో రోజు

పెట్టె మాట: ఖాళీ. అక్షరాలు కూడా పెద్దవి చేసి మరీ చూపించింది దొంగముండ.

వంటశాల మస్తానమ్మ నిజంగానే గిన్నెతో వచ్చింది. వెనక ఆచారి గారు. నేను తలుపేసి దీపాలు ఆర్పేశాను. సొరంగంలో పెట్టుకునే నుదుటి లైటు తీసి, గుప్పెటతో చుట్టూ మూసి, దాని మీద తొమ్మిదో నంబరు గుడ్డు నిలబెట్టాను.

గుడ్డంతా దానిమ్మగింజ రంగులో వెలిగింది. లోపల ఎర్రటి దారాలు. మధ్యలో చుక్క. టక్, టక్, టక్.

"అమ్మ బాబోయ్," అని మస్తానమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"కుళ్ళు కూడా ఎర్రగానే ఉంటుంది," అన్నారు ఆచారి గారు. గొంతులో మునుపటి బిగువు లేదు.

"కుళ్ళు ఇలా తాళం వేసినట్టు కొట్టుకుంటుందా అండీ?" అన్నాను.

ఆయన వంగి చాలాసేపు చూశారు. తర్వాత నిజంగానే అర్థంకాక అడిగారు. "సరే, ఏదో ఉంది. కానీ దీనికి ఆకారం ఎక్కణ్ణించి వస్తుందండీ? తల్లి కడుపు ఒక అచ్చు. బిడ్డ ఆ అచ్చులోంచి వస్తాడు. దీనికి బయట అచ్చూ లేదు, లోపల బొమ్మా లేదు. మరి ముక్కు ఎక్కడ పెట్టాలో, కాలు ఎక్కడ పెట్టాలో దానికెవరు చెప్తారు?"

చుక్కను చూశాను కానీ జవాబును చూడలేదు. మస్తానమ్మే అందుకుంది.

"రుబ్బిన మినప్పిండి మీ పెట్టెలో పెట్టి చూడండి ఆచారి గారూ. గారె కనబడుద్దా? కనబడదు. ఖాళీ అంటది. మరి సాయంత్రం మీరు తినేవి ఏంటండీ?"

"గారెను నువ్వు తడతావు కదమ్మా."

"పొంగేది నేను కాదుగా. అది నూనెకీ పిండికీ మధ్య సంగతి."

ఆచారి గారు నవ్వలేదు కానీ తొమ్మిదో రోజు దాకా గడువు రాశారు. మస్తానమ్మ వెళ్ళేటప్పుడు గిన్నె బోర్లించి తీసుకెళ్ళింది.

ఏడో రోజు

మూడు గుడ్లలో ఏమీ రాలేదు. దీపం ముందు పెడితే మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటిని మస్తానమ్మకు పంపాను. మిగిలినవి ఇరవై ఒకటి.

సాయంత్రం రాళ్ళ పరీక్షలు చేసే దేవసహాయం గారు గుడ్లు చూడటానికి వచ్చారు. ఊరంతా మా గది గురించే మాట్లాడుకుంటోందట. చూసి, సంచిలోంచి ఒక నల్లరాయి తీశారు. దాని మధ్యలో పచ్చటి చార.

"ఈ చార రాగి. రాయి ఏర్పడ్డప్పుడు ఇది లేదండి. రాయి గట్టిపడి, పగుళ్ళిచ్చి, ఎన్ని వేల ఏళ్ళకో వేడినీళ్ళు ఆ పగుళ్ళలోంచి పారితే అప్పుడొచ్చి చేరింది. మా శాస్త్రంలో దీన్ని ఎపిజెనెసిస్ అంటాం. ముందు లేనిది తర్వాత రావడం."

"అయితే?"

"ఆ మాట మాది కాదని నిన్ననే తెలిసింది. పాత నిఘంటువు తిరగేశాను. ముందు అది ప్రాణుల శాస్త్రానిదంట. మీ గుడ్లదేనండి, అక్షరాలా!"

ఆయన రాసుకొచ్చిన కాగితం చదివించుకున్నాను. పాత లోకంలో కొన్ని వందల ఏళ్ళపాటు రెండు పార్టీలు కొట్టుకున్నాయట. ఒక పార్టీవాళ్ళు, బీజంలోనే పూర్తి మనిషి గోరంత సైజులో ముడుచుకుని కూర్చుని ఉంటాడని, వాడి లోపల వాడి పిల్లలు, వాళ్ళ లోపల మనవలు కూడా ఉంటారని అన్నారట. రెండో పార్టీవాళ్ళు కోడిగుడ్లు తెచ్చి రోజుకొకటి పగలగొట్టి చూశారు. మొదట ఏమీ లేదు. తర్వాత చుక్క, తర్వాత గీత, ఆ తర్వాత గుండె, కన్ను, కాలు. ఒకటి వచ్చాక దాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి. ఈ పద్ధతికి వాళ్ళు పెట్టిన పేరే ఎపిజెనెసిస్.

"మరి ఏది ఎక్కడ రావాలో ఎలా తెలుస్తుంది?" అని ఆచారి గారి ప్రశ్నే అడిగాను.

"లోపల రాత ఉంటుందండి. బొమ్మ ఉండదు. ఆ రాతలో ఏ ముక్క ఎప్పుడు చదవాలో చుట్టూ ఉన్నవాటిని బట్టి తేలుతుంది. పక్కన ఏం తయారైంది, వేడెంత, గాలెంత అన్నది చూసుకుంటూ చదువుకుంటుంది. ఆ రాతను దిద్దకుండానే కొన్ని ముక్కలు తెరిచి కొన్ని మూసే ఏర్పాట్లు కూడా ఉన్నాయని తర్వాతివాళ్ళు కనిపెట్టి, ఆ శాస్త్రానికీ ఇంచుమించు ఇదే పేరు పెట్టుకున్నారు."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోక ఊరుకున్నాను. పెట్టె బొమ్మ కోసం వెతికింది. అక్కడ ఉన్నది రాత. ఇన్నేళ్ళూ మేం ఇల్లు ఎలా కట్టాలో రాసిన కాగితాన్ని చేతిలో పట్టుకుని, ఇందులో ఇల్లు లేదని చించేశాం.

తొమ్మిదో రోజు

పెట్టె మాట: బల్లి, నూటికి అరవై ఒకటి.

పెట్టె ఇన్నాళ్ళకు నోరు విప్పి ఈ మాటా అనేది! అనుమతుల పట్టీలో లేని పురుగూ పుట్రా ఊళ్ళో పుడితే వెంటనే కాల్చెయ్యాలని గాలి భద్రత రూలు. అరగంటలో ఆచారి గారు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. బల్లి పిల్లలు గాలి గొట్టాల్లో దూరితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. భయపడటం ఆయన తప్పు కాదు.

"ఇప్పుడు తోక ఉంటుందండీ. దారిలో ఉన్నదాన్ని చూసి చేరిన చోటు చెప్పకండి," అన్నాను.

"మీరు చూశారా చేరిన చోటు?"

చూడలేదు. లోపల ఏముందో చూపించాలంటే ఒకటే దారి. ఆ దారి నాకు ఆయనకంటే ముందే తెలిసింది. ఇరవై ఒకటిలో ఒకదాన్ని నేనే ఎంచుకోవాలి.

పద్నాలుగో నంబరు తీసుకున్నాను. దీపం ముందు అన్నిటికంటే చురుగ్గా కదిలేది అదే. మందకొడిదాన్ని తీసి చూపిస్తే జబ్బుదని అనేస్తారు. గిన్నెలో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పోసి అందులో పెంకు విప్పాను. పెద్ద కన్ను, వంగిన మెడ, పొట్టి తోక. కాళ్ళకు వేళ్ళు విడుతున్నాయి. ఒంటి మీద వరసలు వరసలుగా చిన్న చిన్న పొక్కులు, ఈకలు రాబోయే చోట్లు. మూతి దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన చిన్న మొన.

"బల్లికి పక్షి ముక్కు ఉంటుందా అండీ?" అన్నాను.

ఆచారి గారు జేబులోంచి పోతపనివాళ్ళ భూతద్దం తీశారు. చూశారు. దాన్ని పెంకు లేకుండా అలాగే సరిచూసే పెట్టెలో పెట్టమన్నారు. కోడి, నూటికి ముప్పై నాలుగు అంది పెట్టె.

"మొన్న సున్నా," అన్నారాయన తనలో తాను. "పోత మధ్యలో ఆకారం పెరగడం నేనెప్పుడూ చూళ్ళేదు." ఆ ఇద్దరు మనుషుల్నీ పంపేశారు. గడువు కాగితం మీద తేదీ ఏమీ రాయకుండా సంతకం చేసి ఇచ్చారు.

నేను పద్నాలుగో నంబరును మస్తానమ్మకు పంపలేదు. పచ్చిమిరప మొక్కల మడిలో పాతిపెట్టి, కాసేపు అక్కడే కూర్చున్నాను. గెలిచిన రోజే ఇలా ఏడవాల్సి వచ్చింది.

పన్నెండో రోజు

ఇంకొకటి ఆగిపోయింది. దారాలన్నీ చెదిరి ఒక ఎర్ర గుండ్రం మాత్రం మిగిలింది. ఇప్పుడు పందొమ్మిది.

మిగతావాటిలో చూడాలి ఆ గోల! దీపం పెడితే లోపల నల్లటి నీడ కాళ్ళు జాడిస్తోంది. పెట్టె ఒకదాన్ని కోడి అంటుంది, పక్కదాన్ని తాబేలంటుంది. దాని మాట ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడంలేదు.

పదిహేనో రోజు

ఆచారి గారు స్వయంగా వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పడమటి వైపు గాలి తలుపు చుట్టూ ఉండే చట్రం పగిలిందండి. రేపే కొత్తది పొయ్యాలి. పెద్ద పోత. కొలిమికి ఊరి వేడంతా మళ్ళించాలి. తొమ్మిది గంటలు మీ గదికి ఏమీ రాదు."

ఆపమనడానికి వీల్లేదు. గాలి తలుపు పోతే లోపలి గాలంతా బయటికి పోయి మనుషులే ఉండరు. తొమ్మిది గంటల్లో ఈ గది రాయిలా చల్లబడుతుంది. పందొమ్మిది గుడ్లూ పదహారో రోజున చచ్చిపోతాయి.

"వాటికి ఎంత వేడి కావాలండీ?" అని అడిగారు ఆయన, దోషిలా.

"ఎంతేముంది? మన ఒంటి వేడంత," అని చిరాగ్గా అన్నాను.

అన్నాక ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

పదహారో రోజు

వేడి: లేదు. తడి: చెమట. తిప్పడం: ఎవరిది వాళ్ళే.

పొద్దున ఏడింటికి వంటశాల బల్లల మీద నాతో కలిపి పద్దెనిమిది మందిమి కూర్చున్నాం. నేను పిలిచింది పదిమందినే. మస్తానమ్మ పొయ్యి మానేసి వచ్చింది. దేవసహాయం గారు వచ్చారు. ఆసుపత్రిలో సూపు తాగే ముసలివాళ్ళు నలుగురు కర్రలేసుకుని వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో గుడ్డు. మెత్తటి గుడ్డలో చుట్టి పొట్టకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కదలకుండా కూర్చోవాలి. గంటకోసారి పక్క మార్చాలి. నాకు మాత్రం రెండు, రెండు చంకల్లో.

"నాకు ముగ్గురు పిల్లలండీ. ఇంత బుద్ధిగా ఒక్కడూ మొయ్యనివ్వలేదు," అంది మస్తానమ్మ. బల్లలన్నీ నవ్వాయి. నవ్వితే గుడ్లు కదులుతాయని గదమాయించాను.

రెండింటికి మూడో కీలు చలికి బిగుసుకుపోయిందని కబురొచ్చింది. నేను వెళ్ళకపోతే గొట్టం చీలుతుంది. ఒక గుడ్డు దేవసహాయం గారికి ఇచ్చాను, ఆయన పొట్ట విశాలం. రెండోది ఎవరికివ్వాలా అని చూస్తుంటే కొలిమి దగ్గర్నుంచి ఆచారి గారు వచ్చారు. పోత అయిపోయింది. చల్లారేదాకా ఆయనకు పని లేదు. మొహమంతా మసి.

"ఇలా ఇవ్వండి," అన్నారు.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర. ఆచారి గారు గోడకు వీపు ఆనించి, కళ్ళు పెద్దవి చేసుకుని, ఊపిరి కూడా కొలిచి వదులుతున్నారు. నన్ను చూసి గుసగుసగా అన్నారు.

"తాయారు గారూ, తన్నింది."

"ఏంటండీ?"

"తన్నిందండీ నన్ను! కాలుందండీ దీనికి!"

ఆ గుడ్డు పందొమ్మిదో నంబరు. వేడి వచ్చాక కూడా వెంటనే ఇవ్వలేదాయన. రాత్రి భోజనాల గంట దాకా అడిగి అడిగి తీసుకోవాల్సొచ్చింది.

పద్దెనిమిదో రోజు

రెండు పోయాయి. చలి తగిలే పోయాయో, వాటి ఆయుష్షే అంతో చెప్పలేను. మోసిన ఇద్దరికీ నేనే వెళ్ళి చెప్పాను. ఒక తాతగారు దుప్పటి మొహం మీదకు లాక్కున్నారు. మిగిలినవి పదిహేడు.

ఇవాళ్టి నుంచి తిప్పకూడదు. చేతులకు ఏం చెయ్యాలో తోచడంలేదు. కీళ్ళన్నీ రెండేసిసార్లు బిగించాను.

ఇరవయ్యో రోజు

గుడ్లు మాట్లాడుతున్నాయి!

చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా కిచకిచమని. ఒకటి అంటే పక్కది అందుకుంటోంది. మస్తానమ్మను పిలిచాను, ఆవిడ ఊరందరినీ పిలిచింది. గుమ్మం బయట వరస కట్టి ఒక్కొక్కరే లోపలికొచ్చి విని వెళ్ళారు. ఈ సొరంగాల్లో పుట్టినవాడెవడూ ఇంతవరకూ మనిషి గొంతు తప్ప వేరే గొంతు వినలేదు.

ఇరవై ఒకటో రోజు

పొద్దున ఆరింటికి తొమ్మిదో నంబరు పెంకుకు చిల్లు పడింది. తొమ్మిదింటికి పిల్ల బయట పడింది. తడిసి ముద్దై, కళ్ళు తేలేసి, చూడటానికి ఏం బాగాలేదు. నా జన్మలో అంత అందమైనది చూడలేదు. మధ్యాహ్నానికి ఆరు. సాయంత్రానికి పదహారు. ఆరినకొద్దీ పసుపు బంతులవుతున్నాయి.

ఇక ఒక్కటే ఉంది. పందొమ్మిదో నంబరు, ఆచారి గారిది. చిన్న బీట వేసి ఆగిపోయింది.

ఇరవై రెండో రోజు

ఆచారి గారు నిద్రపోలేదు. పొద్దున నేను వెళ్ళేసరికి గుడ్డు ముందు స్టూలేసుకుని కూర్చున్నారు. చేతిలో చిన్న సుత్తి.

"అది లోపల పెట్టండి," అన్నాను.

"కొట్టనండీ. అంచు తీస్తానంతే. పోతలో వస్తువు తయారయ్యాక అచ్చు మనమే కదండీ పగలగొట్టాలి? లేకపోతే ఎలా వస్తుంది?"

"ఇంకా తయారవలేదేమో. మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటూ ఉంటుందట, పెంకు లోపలి నెత్తురు కూడా. మీరు అంచు తీస్తే ఆ నెత్తురు కారిపోతుంది. కాగితంలో రాసుంది."

"రానంటే?"

నాకూ అదే భయం. బీట పడి పద్నాలుగు గంటలైంది. కిచకిచ సన్నబడింది. నా వేళ్ళు కూడా పెంకు ఒలిచెయ్యమని దురద పెడుతున్నాయి. నలభై ఏళ్ళు అచ్చులు పగలగొట్టిన మనిషి చేతుల సంగతి చెప్పాలా? ఆయన సుత్తి నా చేతికిచ్చి, అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, నిజంగానే వాటి మీద కూర్చున్నారు.

గుమ్మంలో జనం చేరారు. కొలిమివాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. ఒకడు "అయ్యో, కాస్త సాయం చెయ్యండర్రా" అని అరిచాడు. ఆచారి గారు వెనక్కి తిరక్కుండానే "ఎవడన్నా ముట్టుకుంటే ఊరుకోను" అన్నారు.

పది. పదకొండు. కిచకిచ ఆగిపోయింది.

పదకొండున్నరకు గుడ్డు ఊగింది. బీట పక్కన ఇంకో బీట, దాని పక్కన ఇంకొకటి. లోపలున్నది గుండ్రంగా తిరుగుతూ ముక్కు మొనతో కొట్టుకుంటూ వస్తోంది, కొట్టి ఆగుతోంది, ఆగి కొడుతోంది. ఆచారి గారి పెదవులు కదులుతున్నాయి, దెబ్బలు లెక్కపెడుతున్నారనుకుంటాను. పన్నెండు దాటాక పై పెంకు మూతలా లేచింది. తడి తల ఒకటి బయటికి పడింది. కాళ్ళతో ఒక్క తాపు తన్ని, పెంకును వెనక్కి తోసేసి, బోర్లా పడి, లేచి, మళ్ళీ పడింది. లేచింది. నిలబడింది. అరిచింది, ఆ పదహారింటికంటే గట్టిగా.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు ఏది బయటపడినా అచ్చుల అధికారి గుమ్మంలో నిలబడి మూడు మాటలు ఊరందరికీ వినబడేలా చెప్పాలి. వస్తువు ఏది, అచ్చు ఏది, పోసింది ఎవరు. అలా చెబితేనే అది ఊళ్ళో ఉన్నట్టు. ఆచారి గారు లేచి, మసి చొక్కా సర్దుకుని, గుమ్మంలోకి వెళ్ళారు.

"వస్తువు, కోడిపిల్ల!"

జనం ముందుకు జరిగారు.

"అచ్చు, లేదు!"

మూడో మాట దగ్గర ఆగారు. వెనక్కి తిరిగి నావైపు చూశారు. నా పేరు చెబుతారని అర్థమై, తల అడ్డంగా ఊపాను. వేడి ఇచ్చాను, తిప్పాను, చంకలో పెట్టుకున్నాను, ఏడ్చాను. పొయ్యలేదు. ఆయన నన్ను చూశారు, స్టూలు పక్కన నిలబడి ఒళ్ళు దులుపుకుంటున్న పిల్లను చూశారు. నలభై ఏళ్ళలో వెయ్యి పేర్లు పిలిచిన గొంతది.

"పోసింది..." అన్నారు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, సొరంగం చివర దాకా వినబడేలా అరిచారు. "ఎవరూ లేరు! తనంతట తనే అయింది!"